నీలిమందు చుక్క

రాజ్యలక్ష్మి మెస్సు ముందు సరుకు దిగుతోందంటే ఖరగ్‌పూర్ పూరీ గేట్ వీధిలో ఆడవాళ్లు చేతిలో పని ఆపి గుమ్మాల్లోకి వచ్చేవారు. సినిమాకైతే టికెట్ కొనాలి. దీనికి గుమ్మం ఉంటే చాలు.

ఘోష్ దాదా పాలబిందె దించేసరికి ఆమె బొటనవేలు చాపుకుని సిద్ధంగా ఉండేది. గోటి మీద వేసిన చుక్క నిలబడితే బిందె లోపలికి, జారితే వచ్చిన దారినే. కట్టెలవాడు మోపు దించితే రెండు కట్టెలు తీసి తాళం వేసినట్టు కొట్టి, తల వంచి వినేది. పచ్చికట్టె మాట్లాడదు, ఎండుకట్టె ఖంగుమంటుంది. కందిపప్పు బస్తా అయితే మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీసేది.

"పైనున్నది నీ మర్యాద, అడుగునున్నది నీ సరుకు. మర్యాద నాకొద్దు," అనేది గోల్‌బజార్ కిరాణా వ్యాపారి జగ్గారావుతో.

"తల్లీ, దొంగసొత్తు ఎతికే పోలీసులు కూడా అంత లోతుకి సెయ్యెట్టరు," అనేవాడతను తల గోక్కుంటూ.

సరుకు గుమ్మం ఎక్కినప్పుడు చూడ్డంతో ఆమెకు సరిపోయేది కాదు. ఎక్కనప్పుడు వాళ్ల చోటికి వెళ్లి కూడా చూడాలి. ఘోష్ పశువులపాకలో కుళాయికీ పాలబిందెకీ మధ్య దూరం మరీ తక్కువగా ఉందని, బిందెను అవతలి మూలకు మార్పించి వచ్చింది. జగ్గారావు కొట్టుకైతే వారానికి ఒకసారి తప్పకుండా వెళ్లేది. ఏ రోజు వెళ్తుందో ఆ రోజు చెప్పులు వేసుకునేదాకా ఆమెకే తెలియదు. "చెప్పి వెళ్తే అది తనిఖీ కాదు, పేరంటం," అనేది.

ఇదంతా చాదస్తం అనుకోవడానికి లేదు. పలాస, టెక్కలి, బొబ్బిలి వైపునుంచి రైల్వే వర్క్‌షాపులో చేరడానికి వచ్చిన కుర్రాళ్లు పాతికమంది రెండుపూటలా ఆమె చేతి కూడే తినేవారు. వాళ్లలో ఒకడికి కడుపునొప్పి వస్తే ఊళ్లో ఉన్న వాడి తల్లి ముఖం ఆమె కళ్ల ముందు కదిలేది, ఆ తల్లిని ఎన్నడూ చూడకపోయినా.

ఒకసారి మాత్రం జగ్గారావు ఆమెను ఓడించాడు. పుచ్చు ఉందని తిప్పి పంపిన పప్పు బస్తాయే నాలుగు రోజులు పోయాక వేరే రిక్షాలో, వేరే మనిషి చేత, కొత్త పెళ్లికూతురిలా మళ్లీ గుమ్మం ముందు దిగింది. అప్పటినుంచి రాజ్యలక్ష్మి బట్టలకు పెట్టే నీలిమందు ఒక చిప్పలో కలిపి అరుగు మీద ఉంచుకుంది. వద్దన్న గోతం మీద వేలు ముంచి గుండ్రంగా ఒక చుక్క. ఇక అది ఏ వేషంలో వచ్చినా ఆమె గుమ్మం ఎక్కదు.

భర్త చెన్నకేశవరావు పూరీ వైపు వెళ్లే బళ్లలో టికెట్ కలెక్టరు. "నేనూ తనిఖీదారునే గానీ, బండి దిగి ఇంటికెల్లిపోయినోడి ఎనకాల ఎల్లి టికెట్ అడగను," అని నవ్వేవాడు.

ఆ ఏడు దుర్గాపూజ ఇంకా కొద్ది రోజులుందనగా ఒక ఆదివారం, మెస్సులో అందరికన్నా పాతవాడైన కొండలరావు చారు పోయించుకుని, ఒక గుక్క తాగి, కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు.

"పిన్నీ, చారు బాగున్నాది. కాసింత ముసురు పట్టినట్టున్నాదంతే."

పక్కన కూర్చున్న కుర్రాళ్లు తలలు వంచుకున్నారు. వంచుకున్న తలలు కదులుతున్నాయి.

"వెటకారం మాని అదేమిటో చెప్పు," అంది రాజ్యలక్ష్మి.

"ఎటకారం ఏటుంది. బాగా నానిన గోనెపట్టా కింద కూకుని తాగినట్టున్నాది. కూరా అలగే ఉంటంది. సానా రోజులై ఉంటంది. నువ్వు బాధపడతావని ఎవ్వులూ అన్లేదు."

చెయ్యి కడుక్కున్నాక అతను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఈసారి నవ్వకుండా చెప్పాడు. నిమ్‌పురాలో కొత్త మెస్సు పెట్టారట. పూజ సెలవులకు ఊళ్లకు వెళ్లి వచ్చాక కుర్రాళ్లు సగానికి సగం అక్కడ చేరాలనుకుంటున్నారట. "నేనాపినాను పిన్నీ. పూజదాకా ఆపగల్ను. ఆ తరవాత ఆళ్ల నాలిక ఆళ్లది."

సగం మంది వెళ్తే మెస్సు నిలవదు.

ఆ రోజునుంచి రాజ్యలక్ష్మి వంటింటిని పోలీసు స్టేషన్ చేసింది. చింతపండు నానేసి విడిగా రుచి చూసింది. పప్పు విడిగా ఉడికించింది. బావి నీళ్లు, కుళాయి నీళ్లు వేరువేరు గ్లాసుల్లో పోసి భర్త చేత తాగించింది. ఇంగువ మార్చింది. చారు గిన్నెకు కళాయి పెట్టించింది. ఒక్కొక్కరే నిర్దోషులుగా బయటికి వెళ్లిపోయారు. గూట్లో చివరికి ఇత్తడి డబ్బాలు రెండే మిగిలాయి, కారం ఒకటి, చారుపొడి ఒకటి.

ఆ డబ్బాల వైపు ఆమె చూడలేదు. అవి సుభాష్‌పల్లినుంచి కన్యకాంబ వదిన పంపించేవి.

కన్యకాంబ చెన్నకేశవరావుకు అప్ప, తోడబుట్టిన అక్క. తల్లి పోయిన తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. రాజ్యలక్ష్మి మెస్సు పెడతానన్నప్పుడు ఊరంతా నవ్వితే, తన ఇంట్లో పెద్ద గుండిగ దొర్లించుకుంటూ తెచ్చి ఇచ్చింది ఆవిడే. మెస్సుకు కావలసిన కారం, చారుపొడి అప్పటినుంచీ ఆవిడే తన పెరట్లో దంచి ఇచ్చేది. అలాంటి మనిషి డబ్బాలో చెయ్యి పెట్టి కెలకడమంటే, పెద్దముత్తయిదువ దీవిస్తూంటే ఆవిడ చేతిలో అక్షింతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం లాంటిది.

చెన్నకేశవరావు పేపరు చూస్తూ అన్నాడు, "బండిలో పాసున్నోడు ఒకడుంటాడు రాజ్యం. రోజూ కనిపిస్తాడు. ఆడు మనల్ని సూసి నవ్వుతాడు, మనం ఆడ్ని సూసి నవ్వుతాం. పాసు సూపించమని అడగం. ఎప్పుడో ఒకపాలి ఎవడో తిక్కోడు అడిగితే తేల్తాది, దాని గడువు ఎన్నడో ఐపోనాదని."

"ఎవర్ని ఉద్దేశించి అంటున్నారు?"

"నేనెవర్నంటాను. రైల్వే సంగతి సెప్పినాను." పేపరు ముఖానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

సొంత అప్పను అనడానికి ఆయనకు నోరు రాదు. ఆ పని భార్యకు వదిలేశాడు. మగవాళ్లకు ఇలాంటివి బాగా తెలుసు.

రాజ్యలక్ష్మి డబ్బా మూత తీసింది. వాసన చూసింది. మూత పెట్టేసింది. మర్నాడు కొండలరావు చేత సుభాష్‌పల్లికి కబురు పంపింది, సాయంత్రం వదినను చూడ్డానికి వస్తానని.

"సెప్పి ఎల్తన్నావేటి?" అన్నాడు చెన్నకేశవరావు. "ఐతే పేరంటమే."

సాయంత్రం వెళ్దామనే ఆమె అనుకుంది, నిజంగానే అనుకుంది. కానీ పొద్దుటి వంట దించి, కుర్రాళ్లకు క్యారియర్లు కట్టి పంపాక, కాళ్లు వాటంతటవే చెప్పుల్లో దూరాయి. అన్నేళ్ల అలవాటు. రిక్షా ఎక్కాకగానీ తను ఎక్కడికి వెళ్తున్నదీ ఆమె ఒప్పుకోలేదు.

సుభాష్‌పల్లిలో వదిన ఇంటి వీధితలుపు తీసే ఉంది. పెరట్లోంచి రోకలి చప్పుడు వస్తోంది. దబ్, దబ్ అని ఆగకుండా, బలంగా. అది వదిన దెబ్బ కాదు. వదిన దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎవరినో ఒకరిని తిట్టడానికి చోటుంటుంది.

పెరటి గుమ్మంలో రాజ్యలక్ష్మి ఆగిపోయింది. రోలు దగ్గర ఎవరో గట్టి మనిషి, కొంగు ముక్కుకు చుట్టుకుని మిరపకాయలు దంచుతోంది. కన్యకాంబ ఎదురుగా పీట మీద కూర్చుని ఉంది. కుడిభుజానికి పాతచీర ముక్క కట్టి ఉంది. ఆవిడ చెయ్యి ఒళ్లో పెట్టుకున్న తీరు చూస్తే, అది ఎవరో దాచిపెట్టమని ఇచ్చి వెళ్లిన వస్తువులా ఉంది. ఇద్దరికీ మధ్య సగం ఖాళీ అయిన మిరపకాయల గోతం. దాని మీద గుండ్రంగా, బొటనవేలంత నీలిమందు చుక్క.

ఆ చుక్క రాజ్యలక్ష్మికి తెలుసు. వానలు మొదలైన కొత్తలో, ఒక కాయ విరిచి లోపల బూజు చూసి, తన వేలితో తనే పెట్టింది.

వదిన ముఖంలో రంగు మారింది. కానీ నోరు తెరిచింది రోలు దగ్గరి మనిషి. "ఎవులమ్మా? కారం కోసమేటి? కూకోండి, మంచి సరుకు."

"మంచి సరుకని నీకెవరు చెప్పారు?" అంది రాజ్యలక్ష్మి.

"సెప్పడానికేటి, సుక్క కనబడతన్లేదేటి? పూరీ గేట్ కాడ మెస్సమ్మ ఉన్నాది గదా, ఆయమ్మ సేత్తో సూసిన బస్తాకే ఈ సుక్కెడతాదంట. జగ్గారావు బాబు సెప్పినాడు. మిగతా బస్తాల కంటే దీనికి కాసింత ఎక్కువే తీసుకున్నాడు. ఆ మెస్సమ్మ వొట్టి పీడాకారం మనిసంట గానీ, సరుకు కాడ దేవుడొచ్చినా ఒగ్గదంట."

"ఎలీసమ్మా," అంది కన్యకాంబ నెమ్మదిగా, "ఆ పీడాకారమే ఈవిడ. నా మరదలు."

ఎలీసమ్మ రోకలి వైపు, గోతం వైపు, రాజ్యలక్ష్మి వైపు చూసింది. కొంగు ముక్కుమీదినుంచి నోటిమీదకి దించుకుని, "నీల్లు తాగొస్తాను," అని నూతి వైపు వెళ్లింది. తెలివైన మనిషి. వదిన మొగుడు నిమ్‌పురా రైల్వే యార్డులో పనిచేసేటప్పుడు ఆమె పక్క క్వార్టర్సులో ఉండేదట. ఇప్పుడు నెలకొకసారి వచ్చి, మిరపకాయలూ తనే కొని తెచ్చి, దంచి పెడుతోందట. ఆ పొడి ఏ మెస్సుకో వదిన ఆమెకు చెప్పనేలేదట. ఇదంతా తరవాత తెలిసింది.

"సాయంత్రం ఒస్తానని కబురెట్టి, పొద్దున్నే ఒచ్చినావు," అంది కన్యకాంబ. "జగ్గారావు కొట్టుకెల్లినట్టు."

"వదినా, ఆ గోతం…"

"పట్టుకున్నావు గదా. నీలిమందు తెచ్చినావేటి? నన్నూ సూసినట్టు నాకూ ఎట్టీ ఒక సుక్క." ఎడమచేత్తో నుదురు చూపించింది. "ఇక్కడెట్టు. బజారంతా సూస్తాది."

రాజ్యలక్ష్మి గుమ్మం పట్టుకుని నిలబడింది. "బూజు పట్టిందని నేనే తిప్పి పంపాను వదినా, ఆ బస్తా. నువ్వు చూడలేదా?"

"నువ్వు సూసిన బస్తా అన్నాది ఎలీసమ్మ. నువ్వు సూసింది నేను మల్లీ సూస్తానేటి? నీకంటే నాకెక్కువ తెల్సునేటి?"

"నువ్వు దంచింది కదా అని నిన్నటిదాకా నేను వాసన కూడా చూడలేదు."

"నేను దంచలేదు."

"చూస్తున్నాను కదా."

కన్యకాంబకు మొదట నవ్వు వచ్చింది. ఆపుకుంది. పెదాలు బిగిసినా భుజాలు కదిలాయి, కుడిభుజం కదిలేసరికి అమ్మా అంది. రాజ్యలక్ష్మి వచ్చి పక్కన కూలబడింది.

"ఎప్పట్నుంచీ ఈ చెయ్యి?"

"పోయిన శివరాత్రి ముందునుంచి. ఎత్తితే సెవిదాకా ఒస్తాది. అంతకు మీద ఎల్దు. జడ కూడా ఎలీసమ్మే ఏస్తంది."

"చెప్పొద్దూ? ఒక్క మాట నాతో చెప్పొద్దూ?"

"సెప్తే ఏటంటావు? పొడి మానీ వదినా, పడుకో వదినా అంటావు. ఇంకెవుల్నో సూసుకుంటావు. ఆ డబ్బాలు కూడా రాకపోతే మీ ఇంటి కాడనుంచి నా ఇంటికి ఇంకేటొస్తాది?" ఆవిడ గోతం మీది చుక్కను వేలితో రుద్దింది. అది పోలేదు. "డబ్బాలు కొండలరావు సైకిలు మీద ఒస్తాయి, కొండలరావు సైకిలు మీద ఎల్తాయి. నువ్వెప్పుడొచ్చినావు రాజ్యం? దసరాకొచ్చినావు, పోయిన దసరాకి."

"పని వదినా. పాతికమందికి…"

"జగ్గారావు కాడికి ఎల్లడానికి పని అడ్డం రాదు. ఆడ్ని నమ్మవు గనక వారం వారం ఎల్తావు. ఆడి కొట్లో కూకుని చా తాగుతావు. ఆడి కూతురు పురిటికొచ్చిందని నాకు సెప్పింది నువ్వే, కొండలరావు సేత కబురెట్టి. ఆ గేదెల ఘోష్ బిందె ఏ మూలనుందో నీకు తెల్సు. నా జబ్బ ఏ మూలకి ఎత్తుకోలేకపోతన్నానో తెల్దు." గొంతు ఎక్కడా పెరగలేదు. "నన్ను నమ్మినావు. నమ్మీసి ఒగ్గీసినావు. నేనూ ఆడిలాగ కాసిన్ని రాళ్లు కలిపుంటే బాగుండును."

నిజం అడుగునుంచి తీసిన గుప్పెడులా రాజ్యలక్ష్మి అరచేతిలో ఉంది. పుచ్చు తనదే.

నూతి దగ్గరినుంచి ఎలీసమ్మ కేక వేసింది. "అమ్మా, నీల్లు తాగీసినాను. ఇంకా తాగమంటారేటి?"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు.

ఆ పూటే ముగ్గురూ గోతం రిక్షాలో వేసుకుని గోల్‌బజార్ వెళ్లారు. జగ్గారావు దూరంనుంచే చుక్కను గుర్తుపట్టి, గల్లాపెట్టె వెనకనుంచి లేచి చేతులు జోడించాడు.

"నేను సూసిన సరుకని అమ్ముతున్నావట," అంది రాజ్యలక్ష్మి.

"సూసినారా లేదా తల్లీ?"

"చూశాను."

"అదే సెప్పినాను. బాగుందన్నానా? తమరు సూసినారన్నాను. ఒక్క అక్షరం అబద్ధం ఆడితే నా కళ్లు పోతాయి." అతను అమాయకంగానే చూశాడు. అతని కొట్లో నీలం చుక్కల గోతాలకు గిరాకీ ఎక్కువట. బెంగాలీలు సైతం చుక్క ఉందా అని అడిగి పట్టుకెళ్తున్నారట. రాజ్యలక్ష్మి వద్దన్న సరుకంతా ఖరగ్‌పూర్ పట్టణం భక్తితో తినేస్తోంది.

"ఇకనుంచి చుక్క గోతం మీద పెట్టను," అంది ఆమె. "నీ చొక్కా మీద పెడతాను."

"అలగైతే మరీ మంచిది తల్లీ. నేనే తమరు సూసిన సరుకునని సెప్పుకుంటాను."

ఎలీసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్యకాంబ మాత్రం ఈ మాటలేవీ పట్టించుకోకుండా వరసగా ఉన్న మిరపకాయల గోతాల దగ్గర పీట వేయించుకుని కూర్చుంది. ఎడమచెయ్యి మోచేతిదాకా దూర్చి, అడుగునుంచి ఒక కాయ తీసి విరిచి, వాసన చూసి, పక్కకు విసిరింది. ఇంకొకటి. మూడో గోతం దగ్గర ఆగి, విరిచిన కాయను మరదలి ముక్కు కింద పెట్టింది. రాజ్యలక్ష్మి ముక్కు అదిరింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అలా ఉండాలి మిరపకాయ.

బూజు గోతాన్ని జగ్గారావు గొణుక్కుంటూనే వెనక్కి తీసుకున్నాడు. దాన్ని కొట్టు వెనక పారబోయించేదాకా ముగ్గురూ కదల్లేదు. ఆ పూట ఆ వీధిలో నడిచినవాళ్లంతా తుమ్ముకుంటూ నడిచారు.

పూజ సెలవుల ముందు ఆఖరి ఆదివారం కొండలరావు చారు పోయించుకుని, ఒక గుక్క తాగి, మళ్లీ కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. రాజ్యలక్ష్మి గరిటె పట్టుకుని నిలబడింది.

"ఎండ కాసినాది పిన్నీ," అన్నాడు.

సెలవులు అయ్యాక ఇద్దరు నిమ్‌పురా మెస్సులో చేరారు. కార్తీకం వెళ్లకముందే ఒకడు తిరిగి వచ్చాడు. రెండోవాడు అక్కడే ఉండిపోయాడు. వాడి నాలుక వాడిది.

సుభాష్‌పల్లిలో మాత్రం కొత్త ఇబ్బంది మొదలైంది. రాజ్యలక్ష్మి ఇప్పుడు వారానికోసారి వదిన ఇంటికి వెళ్తోంది. ఏ రోజో చెప్పదు. అందువల్ల కన్యకాంబ వారమంతా పెరడు ఊడ్పించి, రోలు కడిగించి, ఎలీసమ్మను కుదురుగా ఉండనివ్వకుండా కాచుకుని ఉంటోంది. భుజానికి రాయమని రాజ్యలక్ష్మి తెచ్చిన తైలం రాయించుకుంటూ వీధి గుమ్మం వైపు చూస్తుంది. "ఇవాల కూడా రాలేదేటి, ఎలీసమ్మా? దీన్ని తనిఖీ అంటారేటి?" అని సణుగుతుంది.

మొదటి రెండుసార్లు రాజ్యలక్ష్మి డబ్బా మూత తీసి, పైన ఒక చిటికె పట్టి చూసి, "బాగుంది వదినా," అంది.

మూడోసారి కన్యకాంబకు ఒళ్లు మండింది. డబ్బా ముందుకు తోసింది.

"పైపైన సూసి బాగుందంటావేటి? జగ్గారావు బస్తాలో మోసేతిదాకా ఎడతావు. ఆడి కంటే తీసిపోనానేటి నేను?"

"కారం వదినా. చెయ్యి మండుతుంది."

"మండనీ."

రాజ్యలక్ష్మి గాజులు పైకి తోసుకుని, కొంగు బిగించి, కారం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీసింది. వాసన చూసింది. తుమ్మింది. ఎదురుగా పీట మీద కన్యకాంబ ఎడమచేతిని గడ్డం కింద పెట్టుకుని, తీర్పుకోసం కదలకుండా కూర్చుని ఉంది.